పై గాంధారం దగ్గర గొంతు పట్టేస్తోంది

పేరు, ఊరు వేయొద్దన్న ఒక టీచరుగారు రాసిన పెద్ద ఉత్తరం ఇది. కుదించి చెబుతున్నాను. ఆవిడకి 42 ఏళ్ళు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని పదో తరగతిలో మానేశారు. రెండేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టారు. గురువుగారిది వేరే ఊరు కాబట్టి వారానికి మూడు రోజులు, రాత్రి ఎనిమిదిన్నరకి, ఆన్‌లైన్ క్లాసు. అదే క్లాసులో పన్నెండు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు ముగ్గురున్నారు. అందరికీ ఆరు శ్రుతి (శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే షడ్జం ఎత్తు, అంకె పెరిగేకొద్దీ అది పైకి వెళుతుంది). వరిసలు, అలంకారాలు తిరగేసుకుని ఇప్పుడు వర్ణాలు, కృతుల్లోకి వచ్చారు. సంగీతం తెలియనివాళ్ళకి ఒక మాట: సరిగమపదనిలో స షడ్జం, గ గాంధారం, ప పంచమం, ద ధైవతం, ని నిషాదం. మంద్ర, మధ్య, తార అంటే కింది, మధ్య, పై స్థాయిలు.

"మధ్యస్థాయిలో బాగానే ఉంటుంది. ధైవతం దాటగానే గొంతు రెండుగా చీలుతుంది. తారషడ్జం అరిచి పట్టుకుంటాను. పై గాంధారం దగ్గర గొంతు పట్టేస్తుంది, మెడ నరాలు పొంగుతాయి. రికార్డు చేసి వింటే శ్రుతి కిందకి ఉంటుంది. అనుపల్లవి సగంలోనే ఊపిరి అయిపోతుంది" అని రాశారు. గురువుగారు "సాధన చాలట్లేదమ్మా, ఇంకా గొంతు విప్పి పాడాలి" అంటారట. దాంతో ఈవిడ పొద్దున్న ఐదింటికే లేచి ఇంకా గట్టిగా పాడుతున్నారు. దసరా సెలవులు అయినప్పటినుంచి లేవగానే గొంతు బొంగురు, సాయంత్రానికి జీర. మిరియాల కషాయం తాగుతున్నారు, పెరుగు మానేశారు. స్టాఫ్ రూమ్‌లో ఒకావిడ "ఈ వయసులో ఇంక గొంతు సాగదండీ" అనేశారట. జనవరిలో ఊళ్ళో త్యాగరాజ ఆరాధన ఉంది, పంచరత్నాల గోష్ఠికి (త్యాగరాజు ఐదు రాగాల్లో చేసిన ఐదు కీర్తనలు అందరూ కలిసి పాడటం) పేరిచ్చారు. నా గొంతే ఇంతా, నా సాధనలో లోపమా, గురువుని మార్చుకోవాలా అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగిన మూడింటికంటే ముందు అడగనిదొకటి చెప్పాలి. బొంగురు దసరా తర్వాత మొదలైందంటే నెల దాటిపోయింది. జలుబుతో వచ్చిన బొంగురు రెండు వారాల్లో సర్దుకుంటుంది. మూడు వారాలు దాటినా పోని దాన్ని ఏ సంగీతం మాస్టారూ చెవితో విని తేల్చలేరు, ఉత్తరం చదివి నేను అసలే తేల్చలేను. ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి, గొంతులో శబ్దం పుట్టించే స్వరతంత్రుల్ని చూడాలి. కొద్ది నిమిషాల పని. చూపించుకునేటప్పుడు "నేను రోజూ ఐదారు పీరియడ్లు పాఠం చెబుతాను, పైగా పాడతాను" అని చెప్పండి. లేకపోతే మాత్రలు రాసిచ్చి పంపేస్తారు. పాడేవాళ్ళకి స్ట్రోబోస్కోపీ అనే పరీక్ష ఉంటుంది, తంత్రులు కదిలే తీరు నెమ్మదిగా కనిపిస్తుంది, అది చేయగలరేమో అడగండి. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖలోనూ చెవి, ముక్కు, గొంతుకి విడిగా ప్రభుత్వాసుపత్రులున్నాయి, మీకు ఏది దగ్గరైతే అది.

భయపెట్టడానికి రాయట్లేదు. టీచర్లకీ పాటగాళ్ళకీ, అందులోనూ ఆడవాళ్ళకి, స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ అనే చిన్న గట్టిదనాలు రావడం కొత్తేం కాదు. స్పీచ్ థెరపీతో, గొంతు వాడే పద్ధతి మార్చుకోవడంతో చాలామందికి తగ్గుతాయి. కత్తి దాకా వెళ్ళే అవసరం సాధారణంగా రాదు. కానీ ఉన్నాయని తెలియకుండా పొద్దున్న ఐదింటికి లేచి వాటి మీదే ఇంకా గట్టిగా పాడితే ముదురుతాయి. ఏమీ లేదని తేలితే మరీ మంచిది, ఇక్కణ్ణుంచి నేను రాసేదంతా నిశ్చింతగా చేసుకోవచ్చు. ఆ రిపోర్టు వచ్చేదాకా తారస్థాయి జోలికి వెళ్ళకండి.

స్టాఫ్ రూమ్ మాటని అక్కడే వదిలేయండి. 42 గొంతు ఆగిపోయే వయసు కాదు. ఆడవాళ్ళకి గొంతు కొంచెం కిందకి దిగేది ఎక్కువగా నెలసరులు ఆగిన తర్వాత. దిగినా పాట ఆగదు, శ్రుతి మారుతుంది, అంతే.

ఇప్పుడు మీ ఆరు శ్రుతి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఇదే, మీరు మాత్రం ఒక్క ముక్కలో చెప్పేశారు. ఆరు శ్రుతిలో మధ్యషడ్జం అంటే స్వరతంత్రులు సెకనుకి 220 సార్లు కదలడం. పై గాంధారానికి అది 550 దగ్గరకి వెళుతుంది. అదే గాంధారం ఐదు శ్రుతిలో అయితే 490. చూడ్డానికి చిన్న తేడానే, కానీ పట్టేసే గొంతుకి ఆ అరవైయే ప్రాణం మీదకి తెస్తుంది. మీ పక్కన పాడే పిల్లల స్వరతంత్రులు ఇంకా పొట్టివి, ఆ శ్రుతి వాళ్ళకి ఆటలా ఉంటుంది. క్లాసుకంతా ఒకే శ్రుతి పెట్టడం గురువుగారి సౌకర్యం. నలుగురికి నాలుగు శ్రుతులు పెడితే ఆ గంట నడవదు. అందులో ఆయన్ని తప్పు పట్టాల్సిందేమీ లేదు, కానీ ఇంట్లో మీ సాధన కూడా అదే శ్రుతిలో ఉండాలన్న రూలు ఎక్కడా లేదు.

మీ శ్రుతి ఏదో తెలుసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, టిఫిన్ చేసిన కాసేపటికి, శ్రుతిపెట్టె పెట్టుకుని కూర్చోండి. ఆరు, ఐదున్నర, ఐదు, నాలుగున్నర వరసగా చూడండి. ఒక్కో దాంట్లో మంద్ర పంచమం అనండి. అక్కడ గాలి కాకుండా స్వరం వినబడాలి. తర్వాత పై గాంధారం అనండి, గట్టిగా వద్దు, పక్కగదిలో పసిపిల్ల నిద్రపోతోందనుకుని చిన్నగా. అలా చిన్నగా అనగలిగిన శ్రుతి మీది. అరిస్తేనే అందేది మీది కాదు. మీకు ఐదో, నాలుగున్నరో తేలుతుందని నా ఊహ.

అయితే శ్రుతి దించితే అన్నీ సర్దుకుంటాయని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. ధైవతం దగ్గర గొంతు చీలుతోందన్నారే, అది శ్రుతి తగ్గినంత మాత్రాన పోదు. ఆడవాళ్ళ గొంతు కింద నుంచి పైకి వెళ్ళేటప్పుడు స్వరతంత్రులు మందంగా కదిలే పద్ధతి నుంచి పల్చగా, సాగి కదిలే పద్ధతికి మారాలి. చాలామందికి ఈ మార్పు సెకనుకి 330, 350 ప్రాంతంలో వస్తుంది. ఆరు శ్రుతిలో లెక్క వేస్తే సరిగ్గా పంచమం, ధైవతం. అందుకే మీకు అక్కడ విరుగుతోంది. ఐదు శ్రుతికి దిగితే అదే విరుపు ధైవతం, నిషాదాల మధ్యకి జరుగుతుంది. నాలుగుకి దిగితే నిషాదం, తారషడ్జం మధ్యకి. అంటే ఎక్కడో ఒకచోట దాన్ని దాటడం నేర్చుకోవాల్సిందే.

మీరు ఇప్పుడు చేస్తున్నదేమిటంటే, కింది పద్ధతినే పైదాకా లాక్కెళుతున్నారు. రెండో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కుతున్నట్టు. శబ్దం పెరుగుతుంది, బండి కదలదు. గొంతు ఇక ఓర్చుకోలేనప్పుడు ఉన్నట్టుండి వదిలేస్తుంది, అదే మీకు చీలినట్టు వినిపిస్తోంది. దానికి విరుగుడు వినడానికి వింతగా ఉంటుంది: పైకి వెళ్ళేకొద్దీ శబ్దం తగ్గించాలి. పంచమం దగ్గరే సగానికి తగ్గించేయండి. ధైవతం, నిషాదం పల్చగా, పీలగా వస్తాయి. "ఇది దొంగగొంతు కదా" అని మీకే అనిపిస్తుంది. మన సంగీతంలో దొంగగొంతు కూడదని చిన్నప్పటినుంచీ విని ఉంటారు. కచేరీలో కూడదు, నిజమే. సాధనలో అది దారి. ఆ పల్చటి శబ్దానికి కొన్ని నెలల్లో నిండుదనం చేరుతుంది. అరుపుతో మొదలుపెట్టిన శబ్దానికి మాత్రం నున్నదనం చేరడం నేను చూడలేదు.

దీన్ని నేర్పడానికి నాకు తెలిసినవాటిలో ఖర్చులేనిది కొబ్బరిబోండానికి ఇచ్చే స్ట్రా. గ్లాసులో సగం నీళ్ళు పోసి స్ట్రా కొన రెండు వేళ్ళ లోతు ముంచండి. పెదాలతో స్ట్రాని మూసి, ఊ అంటూ బుడగలు రానివ్వండి. అలాగే షడ్జం నుంచి పంచమం, పంచమం నుంచి తారషడ్జం దాకా జారుతూ వెళ్ళి రండి. స్వరాలు విడివిడిగా వద్దు, జారుడే. బుడగలు ఒకే తీరున వస్తుంటే ఊపిరి సమంగా ఉందని అర్థం. ధైవతం దగ్గర ఒక్కసారిగా నీళ్ళు ఎగిరి ముఖాన పడితే మీరు అక్కడ తోస్తున్నారని అర్థం. మిమ్మల్ని మీరు పట్టుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. స్పీచ్ థెరపిస్టులు కూడా ఇదే చేయిస్తారు, ఎందుకంటే నోరు దాదాపు మూసి ఉన్నప్పుడు వెనక్కి వచ్చే ఒత్తిడి వల్ల స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోవు. రెండు మూడు నిమిషాలు చాలు. స్కూల్లో మూడో పీరియడ్ అయ్యాక, ఎవరూ చూడనప్పుడు, వాటర్ బాటిల్లోనూ చేసుకోవచ్చు.

తర్వాత జంట వరిసలు. అద్దం ముందు నిలబడి స స రి రి గ గ అనండి. జంటలో రెండో స్వరానికి ఊనిక ఇవ్వాలని మీకు నేర్పి ఉంటారు. ఆ ఊనిక మీరు ఎక్కడి నుంచి ఇస్తున్నారో చూడండి. రెండో స అన్నప్పుడు గొంతు మధ్యలో ఉండలా కనిపించేది పైకి ఎగిరిందా? గడ్డం ముందుకి వచ్చిందా? అయితే గొంతుని మూసి ఒక్కసారిగా తెరుస్తున్నారు, దగ్గినప్పుడు జరిగేది అదే. మూడు కాలాల్లో ఒక వరిస అలా పాడితే స్వరతంత్రుల్ని ఎన్నిసార్లు ఢీకొట్టించినట్టో లెక్కల టీచరు మీరే వేసుకోండి. బొడ్డు పైన చెయ్యి పెట్టి, రెండో స్వరానికి పొట్ట చిన్నగా లోపలికి తగిలేలా చేయండి. "హు, హు" అని నవ్వినట్టు. మొదట స హ, రి హ అని పాడి చూసి, తర్వాత ఆ హ ని మింగేయండి. ఒకటో కాలంలో ఇది కుదిరేదాకా రెండో కాలానికి వెళ్ళొద్దు. తారస్థాయి వరిసల్లో గడ్డం పైకెత్తి స్వరాన్ని అందుకోవడం కూడా ఈ అద్దంలోనే దొరుకుతుంది. కంపితాలు (స్వరాన్ని ఊపుతూ పలికే గమకాలు) పాడేటప్పుడు దవడ ఊగుతోందేమో అదీ చూసుకోండి. ఊగుతుంటే రెండు వేళ్ళు బుగ్గల మీద ఆనించి పాడండి, చాలు.

ఊపిరి చాలట్లేదని అనుకుంటున్నారు గానీ, మీ ఉత్తరాన్ని బట్టి ఊపిరి ఎక్కువైపోయి ఇబ్బంది పడుతున్నారనిపిస్తోంది. భుజాలు పైకి లేచేలా నిండా పీల్చి, గట్టిగా పాడటంలో మొదటి రెండు మాటలకే సగం ఖర్చు పెట్టేస్తే అనుపల్లవి సగంలో మిగిలేదేముంది? మంచం మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద పంచాంగమంత పుస్తకం పెట్టుకుని ఊపిరి తీయండి. పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. స్స్ అని సన్నగా వదులుతూ లెక్కపెట్టండి. ఇవాళ 12 వస్తే 12, పదిహేను, ఇరవై అవడానికి తొందరేం లేదు. రెండోది పెన్సిల్ పని. సాహిత్యం పుస్తకంలో ఊపిరి ఎక్కడ తీయాలో గుర్తు పెట్టుకోండి, మాట విరగని చోట, అర్థం చెడని చోట. ఊపిరి అయిపోయాక తీస్తే ఆయాసం. గుర్తు దగ్గర, ఇంకా కొంచెం మిగిలి ఉండగానే తీస్తే పాట. శ్రుతి కిందకి జారడం కూడా చాలావరకు దీనితోనే తగ్గుతుంది, ఎందుకంటే మీరు శ్రుతి తప్పేది చెవి లేక కాదు. రికార్డింగులో తప్పుని మీరే పట్టుకున్నారు కదా, చెవి ఉంది. పాడేటప్పుడు మన గొంతు మనకి ఎముకల గుండా కూడా వినబడుతుంది, గట్టిగా పాడితే ఆ హోరులో శ్రుతిపెట్టె మునిగిపోతుంది. శ్రుతి శబ్దం పెంచి, మీ శబ్దం తగ్గించండి.

రోజులో మిగతా సమయం కూడా ఇదే గొంతు కదా. ఐదారు పీరియడ్లు అరవై మంది పిల్లల మీద అరిచి, రాత్రి ఎనిమిదిన్నరకి వర్ణం పాడమంటే అది మాత్రం ఏం చేస్తుంది? మెడకి తగిలించుకునే చిన్న మైకు స్పీకరు సెట్లు దొరుకుతున్నాయి, పిల్లలు రెండు రోజులు నవ్వి మూడో రోజు మర్చిపోతారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. ఊరికే గొంతు సవరించుకోవడం మానండి, అది కూడా స్వరతంత్రుల్ని రాపాడించడమే. ఒక గుక్క నీళ్ళు మింగండి. గొంతు బాలేదని గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు చాలామంది, గట్టిగా చేసే గుసగుసకి ఇంకా బిగుసుకుంటుంది. మామూలుగా, తక్కువ మాట్లాడటం మేలు. తెల్లవారుజాము సాధన గొప్పదే, కానీ లేవగానే బొంగురుగా ఉన్న గొంతుకి కాదు. కొన్నాళ్ళు పొద్దున్న స్ట్రా, మంద్రంలో నెమ్మదిగా అకారం, ఒక ఇరవై నిమిషాలు. సాయంత్రం ఇంకో ఇరవై. గంటన్నర ఒకేసారి వద్దు.

కషాయం తాగండి, ఒంటికి హాయి. కానీ మింగిందేదీ స్వరతంత్రుల మీదుగా వెళ్ళదు, అది ఆహారనాళంలోకి పోతుంది, స్వరతంత్రులు గాలి దారిలో ఉంటాయి. వాటి దాకా చేరేది ఆవిరి. అతిమధురం ముక్క రోజూ బుగ్గన పెట్టుకునే అలవాటుంటే బీపీ ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాలి. పెరుగు మానాల్సిన పనేమీ లేదు, తిన్నాక గొంతులో జిగటగా అనిపిస్తే పాడే ముందు మాత్రం వద్దు. నాకు అనుమానంగా ఉన్నది వేరే. క్లాసు అయ్యేసరికి తొమ్మిదిన్నర. భోజనం ఆ తర్వాతా? ఆవకాయతో తిని పదిన్నరకి పడుకుంటే కడుపులోని ఆమ్లం రాత్రంతా గొంతు దాకా వచ్చి పొద్దున్నకి బొంగురు చేస్తుంది. గుండెల్లో మంట లేకపోయినా ఇది జరగొచ్చు. భోజనం ఏడింటికే తేలిగ్గా కానిచ్చి చూడండి, డాక్టరుకీ చెప్పండి.

ఇక గురువుని మార్చే మాట. మూడు దార్లున్నాయి. ఆయన దగ్గరే, అదే క్లాసులో, ఆరు శ్రుతిలోనే ఉండి పైస్థాయి వచ్చినప్పుడు చిన్నగా పాడటమో ఊరుకోవడమో ఒకటి. ఎవరికీ ఇబ్బంది ఉండదు, కానీ క్లాసులో మీకు సగం పాటే వస్తుంది, అలవాటు చొప్పున ఏదో ఒక రోజు మళ్ళీ అరుస్తారు. విడిగా క్లాసు అడిగి మీ శ్రుతిలో నేర్చుకోవడం రెండోది. ఫీజు పెరుగుతుంది, వారానికి మూడు బదులు ఒక్కటే కుదరొచ్చు. పిల్లలతో కలిసి పాడే సందడి పోతుంది, అది మీకు ఎంత ముఖ్యమో మీకే తెలియాలి. మూడోది, దగ్గర్లో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే వేరే గురువు. గొంతు విషయంలో ఇది అన్నిటికంటే మేలు, మెడ బిగుసుకోవడం ఎదుటివాళ్ళకే కనబడుతుంది. కానీ పాఠాంతరం (పాట పాడే బాణీ) మారుతుంది, నేర్చుకున్న వర్ణాల్లో సంగతులు మళ్ళీ సరిచేసుకోవాలి, ఒక ఏడాది వెనక్కి వెళ్ళినట్టు ఉంటుంది. నన్నడిగితే రెండోదాన్ని మూడు నాలుగు నెలలు చూసి అప్పుడు మూడోదాని గురించి ఆలోచిస్తాను. మీ పరిస్థితి నాకంటే మీకు ఎక్కువ తెలుసు.

ఆయన "గొంతు విప్పి" అనడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. వీడియో కాల్ యాప్‌లు బయటి చప్పుడు తగ్గించే పేరుతో శ్రుతిపెట్టెనీ, దీర్ఘంగా పట్టుకున్న స్వరాన్నీ కత్తిరించేస్తాయి. మీ షడ్జం ఆయనకి మధ్యలో మాయమవుతూ వినబడుతుంటే ఎవరైనా గట్టిగా పాడమనే అంటారు. జూమ్ అయితే సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. ఫోన్ ముఖానికి ఎదురుగా కాకుండా మెడ, భుజాలు కనబడేలా కొంచెం పక్కగా, దూరంగా పెట్టండి.

ఆరాధన గురించి. పేరిచ్చారు కాబట్టి పోవాల్సిందే అనుకోకండి, మానేయాలనీ అనుకోకండి. డాక్టరు విశ్రాంతి చెబితే ఈసారి తాళం వేస్తూ కూర్చోండి, పుష్య బహుళ పంచమి వచ్చే ఏడూ వస్తుంది. పాడొచ్చంటే, గోష్ఠిలో శ్రుతి ఏది పెడతారో ముందే కనుక్కోండి. మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి పాడే చోట అది ఎవరో ఒకరికి అందకుండానే ఉంటుంది. ఐదింటికి ఐదూ పాడాలని లేదు. నాట, గౌళ పాడి, ఆరభి, వరాళి దగ్గర ఊపిరి తీసుకుని, చివర శ్రీరాగంలో కలవండి. తారస్థాయి చరణాలు పక్కవాళ్ళకి వదిలేయండి. జనం మధ్య మన గొంతు మనకి వినబడక అరుస్తాం, కాబట్టి వెనక వరసలో కాకుండా తంబురాకి దగ్గరగా కూర్చోండి.

గురువుగారితో శ్రుతి మాట ఎత్తడానికి మొహమాటంగా ఉందని ఉత్తరంలో రెండుచోట్ల రాశారు. పిల్లలు వింటుండగా వద్దు. క్లాసు లేని రోజు ఫోన్ చేసి, "గురువుగారూ, డాక్టరు ఇలా అన్నారండీ, ఐదు శ్రుతిలో ఒక వర్ణం వినిపిస్తాను, మీకెలా ఉందో చెప్పండి" అని అడగండి. వర్ణం మొత్తం వద్దు, పల్లవీ అనుపల్లవీ చాలు. గొంతు అలిసిపోని వేళ, ఆదివారం పొద్దున్న, చేయండి.